సుందరమ్మ గారి పురుగు

వట్లూరు, ఏలూరు.
16-11-2024, శనివారం.

ప్రియమైన సుమనకు,

నీ పాత మేడం విజయకుమారి మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మా ఆయన జేమ్స్ మాస్టారూ, మా పెరటి సిమెంటు తొట్టిలో ఉన్న కొన్ని చిన్న ప్రాణులూ కులాసా. తాడేపల్లిగూడెంలో నువ్వూ, మీ ఆయనా, చిన్నది శ్రీహితా బావున్నారని మొన్న పెదపాడులో మీ అమ్మమ్మ గారు చెప్పగా విన్నాను. అవును, వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్తాను. కంగారు పడకు, ఆవిడ నిక్షేపంలా ఉన్నారు.

కవరు మీద నా చేతిరాత చూడగానే నీ మొహం ఎలా మారి ఉంటుందో నాకు తెలుసు. ఫోను చెయ్యచ్చుగా అనుకుంటావు. నా ఫోనులో నీ నంబరు ఇప్పటికీ ‘సుమన బి.జడ్.సి.’ అనే ఉంది. నొక్కబోయి మానేశాను. ఫోనులో అయితే నేను ఒకటి అంటాను, నువ్వు ‘అలా కాదండీ మేడం’ అంటావు, అసలు సంగతి పక్కకి పోయి మళ్ళీ పాత గొడవలో పడతాం. ఉత్తరమైతే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు. నేను చెప్పింది చివరిదాకా చదివి తీరాలి.

సంగతి ఒక్క ముక్కలో చెప్పమంటే చెప్తాను. నా తెల్ల మాత్ పురుగూ, నీ మట్టిరంగు మాత్ పురుగూ రెండూ ఒకటే. ఒకే జాతి. నాది ఆడది, నీది మగది. కూర్చున్నావా? నిలబడి చదువుతుంటే కూర్చో.

ఇప్పుడు మొదటినుంచీ చెప్తాను. ఆ ఏడు మనం ఎక్కడ తెగతెంపులు చేసుకున్నామో నీకూ గుర్తుంటుంది. కొల్లేటి కలువాకుల మీద దొరికిన నా చిన్న తెల్ల మాత్‌ను కొత్త జాతి అని రాసి, కొల్లేరెన్సిస్ అని పేరు పెట్టి, మన అధ్యాపకుల సంఘం పత్రిక డిసెంబరు సంచికలో వేశాను. ఆ పత్రికకి సంపాదకురాలిని కూడా నేనే. సరిగ్గా ఆ రోజుల్లోనే నువ్వు పెదపాడు చెరువు గట్టు మీద పట్టిన మట్టిరంగు మాత్‌ల పెట్టె పట్టుకుని వచ్చావు. ఇది కొత్త జాతండీ, మీ తెల్లదానికీ దీనికీ అసలు ఇంటిపేరే కలవదండీ అన్నావు. జంతువుల పేర్లలో ప్రజాతి ముందు, జాతి తర్వాత వస్తాయి కదా, మన తెలుగువాళ్ళ ఇంటిపేరూ పేరూ లాగే అని బి.జడ్.సి. మొదటి సంవత్సరంలో నేను చెప్పిన పాఠమే తిరిగి నాకు అప్పజెప్పావు. తొందరపడకమ్మా, గుడ్లు దొరికించుకుని పెంచి చూడు, అప్పుడు రాయి, రాసి మన పత్రికకే ఇయ్యి అన్నాను.

దానికి నువ్వేమన్నావు? మీ పత్రిక అట్ట మీద డిసెంబరని వేసుకుని మామిడిపళ్ళతో పాటు వస్తుందండీ మేడం, అప్పటిదాకా నేను ఆగలేనండీ అన్నావు. అంత మాటనీ అంత మర్యాదగా రెండు ‘అండీ’లు తగిలించి అనడం మన గోదావరి వాళ్ళకే చెల్లింది. నాకు ఒళ్ళు మండిపోయింది. డిసెంబరంటే డిసెంబరే, నీకు తోచినచోట వేసుకో పో అన్నాను. నువ్వు బయటి పత్రికకి పంపావు. జనవరిలో నెట్‌లో వచ్చింది. మీ అమ్మమ్మ పేరుకి లాటిన్ తోక తగిలించి సుందరమ్మీ అని పెట్టావు. నేను బావుందని ఒక్క మాట అనలేదు. నువ్వు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. చూస్తూండగానే అయిదేళ్ళు దాటిపోయాయి.

ఈసారి వానలు మొదలయ్యాక జేమ్స్ మాస్టారు ఏదో పెళ్ళికని కైకలూరు వైపు వెళ్ళి, వస్తూ వస్తూ కొల్లేటి కలువ దుంపలు ఆకులతో సహా గోనెసంచిలో వేసుకొచ్చారు. రిటైరైన డ్రాయింగు మాస్టారు గదా, బొమ్మ వేసుకుందామని ఆయన సరదా. పెరట్లో తొట్టిలో వేశాం. వారం తిరక్కుండా ఆకు అడుగున ఒక తెల్లది కూర్చుని ఉంది. నా తెల్లదే! ఉద్యోగం చేసినన్నాళ్ళూ పడవలెక్కి దోమల్లో వెతికినదాన్ని, అది నడుచుకుంటూ మా ఇంటికొచ్చి కూర్చుంది. రెక్క ముడిస్తే చిటికెనవేలి గోరంత ఉంటుంది. చూడనివాళ్ళు కాగితం ముక్కనుకుంటారు. దగ్గరికెళ్ళి చూస్తే ఆ తెలుపు మీద తేనెరంగు పట్టీలు, వెనక రెక్క అంచున వరసగా నల్ల చుక్కలు, ప్రతి చుక్క నడుమా వెండి మెరుపు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా నాకు తనివి తీరదు సుమా.

అది ఆకు అడుగున గుడ్లు పెట్టింది. చూడగానే నేను చేసిన మొదటి పని, మాస్టారి మంచం మీది దోమతెర పీక్కొచ్చి తొట్టికి కట్టడం. ఆయన పాపం, నాకు మలేరియా వచ్చినా ఫరవాలేదు గానీ పురుక్కి దోమ కుట్టకూడదా కుమారీ అని మాత్రం అని ఊరుకున్నారు. ఆయన మంచితనం సంగతి నీకు తెలియంది కాదు.

గొంగళిపురుగులు బయటికొచ్చాక మా ఇంట్లో వంటా వార్పూ లేదనుకో. ఒక్కొక్కటీ కలువాకులోంచి కోడిగుడ్డు ఆకారంలో ముక్క కత్తిరించుకుంటుంది. ఇంకో ముక్క కత్తిరించి దానిమీద పెట్టి, నోట్లోంచి వచ్చే పట్టుదారంతో అంచులు కుట్టేసుకుంటుంది, అచ్చం విస్తరి కుట్టినట్టే. ఆ రెండాకుల మధ్య గాలి పట్టి ఉంచుకుని, తల మాత్రం బయటపెట్టి, నీళ్ళ మీద తేలుతూ తింటుంది. ఇల్లు ఇరుకైతే పెద్ద ముక్కలు కోసుకుని మళ్ళీ కొత్త ఇల్లు కుట్టుకుంటుంది. దానికి ఎవరు నేర్పారు ఈ పని? మాస్టారు కుర్చీ వేసుకుని బొమ్మలు గీస్తూ కూర్చున్నారు. ఆ కుట్టు చూసి, దేవుడు తీరిగ్గా ఉన్నప్పుడు చేసిన పనే ఇది అన్నారు. నేను ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినా ఇంత చక్కగా ఒక్క మాట అనలేకపోయాను.

అక్టోబరులో రెక్కలు రావడం మొదలైంది. మొదట వచ్చినవి తెల్లవి. ఒకరోజు పొద్దున్న కాఫీ గ్లాసుతో వెళ్ళి చూద్దును గదా, దోమతెర లోపల మట్టిరంగుది ఒకటి! ఎండిన తమలపాకు రంగు, తెల్లదాంట్లో సగం కూడా లేదు, ముందు రెక్క కొస సన్నగా వంపు తిరిగి ఉంది. పెదపాడుది ఇక్కడికెలా వచ్చింది? మాస్టారు బొమ్మ కోసం తెర ఎత్తి మళ్ళీ సరిగ్గా కట్టి ఉండరని ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన నేను ఎత్తలేదు అంటారు, నేను ఎత్తారు అంటాను.

మర్నాడు మరికొన్ని మట్టిరంగువి. అప్పుడు అనుమానం వచ్చింది. ఇంకా విప్పని ఆకుగూళ్ళు తీసి ఒక్కోదాన్నీ విడిగా గాజుసీసాలో వేసి మూత బిగించాను. ఇక ఎవరు తెర ఎత్తారని అనడానికి లేదు. ఒక సీసాలోంచి తెల్లది వచ్చింది, పక్క సీసాలోంచి మట్టిరంగుది వచ్చింది. ఒకే తల్లి గుడ్లు, ఒకే ఆకు, ఒకే తొట్టి. తెల్లవన్నీ ఆడవి, మట్టిరంగువన్నీ మగవి. వాటిని కలిపి వదిలితే సాయంత్రానికి జతకట్టాయి. మాస్టారి దగ్గరికెళ్ళి క్షమించమని అడిగాను. ఆయన ఏదో పెద్ద మనసున్నట్టు నవ్వారు.

అప్పుడు బీరువా తీసి నీ వ్యాసమూ నా వ్యాసమూ పక్కపక్కన పెట్టుకున్నాను. నా వ్యాసం చివర ‘మగది తెలియదు’ అని ఉంది. నీ వ్యాసం చివర ‘ఆడది తెలియదు’ అని ఉంది. ఓసి నా తల్లీ! ఏలూరులో పెళ్ళికూతుర్ని పెట్టుకుని నేను సంబంధం దొరకలేదంటున్నాను, పెదపాడులో పెళ్ళికొడుకుని పెట్టుకుని నువ్వూ అదే అంటున్నావు. మనిద్దరిలో ఎవరైనా ఒక్కసారి బస్సెక్కి ఉంటే పెళ్ళి అయిపోయేది. నవ్వి నవ్వి నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కొంతసేపటికి అవి నవ్వు నీళ్ళు కావని నాకే తెలిసింది.

ఎలా జరిగిందో తర్వాత ఆలోచిస్తే తేటగానే ఉంది. నేను పట్టపగలు పడవలో వెళ్ళి ఆకులు తిరగేసి వెతికేదాన్ని. ఆకు అడుగున కూర్చుని గుడ్లు పెట్టేవి ఆడవే గదా, నాకు అవే దొరికాయి. నువ్వేమో మీ అమ్మమ్మ పాత తెల్లచీర చేపల మేత షెడ్డు ముందు దండెం మీద పరిచి, బల్బు వేలాడదీసి, దీపానికొచ్చినవి పట్టావు. వెలుగు కోసం ఎగిరొచ్చేవి మగవి, నీకు అవే దొరికాయి. ఎవరి పద్ధతి వాళ్ళకి గొప్ప. ఇద్దరం చెరో సగం పురుగుని పట్టుకుని, నా సగమే పురుగంటే నా సగమే పురుగని కూర్చున్నాం.

ఇంటిపేరు సంగతిలో మాత్రం నువ్వే పొరబడ్డావు. మగదాని ముందు రెక్క వంపు చూసి వేరే ప్రజాతి అన్నావు. రెక్కల ఈనెలు చూడు, రెండింటికీ ఒకేలా చీలతాయి. వెనక రెక్క అంచు చుక్కలు మగదానికి మసకగా ఉన్నాయి గానీ, వరస అదే, నడుమ వెండీ అదే. నేను పెట్టిన ఇంటిపేరే సరైంది. ఈ ఒక్కటీ నాకు దక్కనియ్యి.

చుక్కల మాట వచ్చింది గనుక ఇంకొకటి చెప్పాలి. నీ వ్యాసంలో ఒక పేరా ఉంది. ఈ మాత్ కూర్చోగానే వెనక్కి తిరిగి వెనక రెక్కలు పైకి లేపుతుందనీ, ఆ చుక్కలు వరసగా సాలీడు కళ్ళలా కనపడతాయనీ, గెంతే సాలీడు అది చూసి తనలాంటిదే ఇంకోటి అనుకుని వెనక్కి తగ్గుతుందనీ రాశావు. ఆ రోజు అది చదివి నేను, ఇది సైన్సా, పిల్లలకి చెప్పే కథా అని వెక్కిరించాను. మొన్న తొట్టి గట్టు మీద నా కళ్ళతో చూశాను. చిన్న గెంతే సాలీడు ఒకటి పొంచి పొంచి వస్తోంది. తెల్లది పారిపోతుందనుకున్నాను. పారిపోలేదు. చక్కగా వెనక్కి తిరిగి రెక్కలెత్తి ఆ చుక్కలు చూపించింది. సాలీడు ఆగింది, ముందుకాళ్ళు పైకెత్తి ఊపింది, అడుగు అడుగూ వెనక్కేసి వెళ్ళిపోయింది. గోరంత ప్రాణి, దాని ధైర్యం చూడు! నీ పేరా మళ్ళీ తీసి చదివాను. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, ఒక్క అక్షరం తక్కువ లేదు. నా క్లాసులో మూడో బెంచీలో కూర్చున్న పిల్ల, నాకు అందని సంగతి అంత చిన్నప్పుడే చూసేసిందే అని గర్వంగా అనిపించింది. నేను ఎంతోమందికి పాఠాలు చెప్పాను సుమనా, చూడ్డం మాత్రం అందరికీ రాలేదు. నీకు వచ్చింది. ఈ మాట అయిదేళ్ళ కిందటే అనవలసింది.

ఇక కష్టమైన మాట. ఒక జాతికి ఒక్క పేరే ఉండాలి. రెండు పేర్లు పడితే, ముందు వెలువడిన పేరు నిలుస్తుంది, తర్వాతది పోతుంది. ఎవరు బాగా రాశారు, ఎవరు పెద్ద, ఎవరికి ఇష్టం అని అడగరు. నాది డిసెంబరు, నీది జనవరి. కొల్లేరెన్సిస్ నిలుస్తుంది, సుందరమ్మీ పోతుంది. ఇక ముందు పుస్తకాల్లో మీ అమ్మమ్మ పేరు కింద చిన్న అక్షరాల్లో, ఇది ఇప్పుడు చెల్లదు అనే జాబితాలో ఉంటుంది. తల్లీ తండ్రీ లేని నిన్ను మేత షెడ్డు పక్క గదిలో పెట్టుకుని పెంచి, నీ చదువు కోసం తన చీరే పురుగులకి పరిచిన మనిషి పేరది. నాకు చెయ్యి రావడం లేదు. అయినా రాయక తప్పదు, దాచడం శాస్త్రం కాదు.

ఈ మాట నీకు రాసే ముందు ఆవిడకి నేనే స్వయంగా చెప్పాలనుకుని పెదపాడు వెళ్ళాను. నేను వెళ్ళేసరికి సుందరమ్మ గారు అరుగు మీద కూర్చుని చింతపండు ఒలుస్తున్నారు. గుర్తుపట్టి, రండమ్మా మేడం గారూ, ఇన్నాళ్ళకి దారి తప్పారా అండీ అన్నారు. కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, మొదటగా అడిగిన మాట ఏమిటో తెలుసా? నా పురుగు కులాసాయేనా అండీ అని.

లోపల గోడ మీద క్యాలెండరు పక్కన నీ వ్యాసంలోని ఫోటో అంటించి ఉంది, దానికి బొట్టు కూడా పెట్టారు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారట. సర్పంచి గారి పేరు బడి గోడ మీద రాతిలో చెక్కించారండీ, ఆ రాయి అక్కణ్ణుంచి కదలదు గదండీ, నా పేరు మటుకు ఎగురుద్ది అండీ అన్నారు. ఇంక నేనేం చెప్పను?

సరే, కొంచెం కొంచెంగా చెబుదామని చేతిసంచిలోంచి గాజుమూత పెట్టె తీసి నా తెల్లదాన్ని చూపించాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, పెట్టె ఎండకేసి తిప్పి, చాలాసేపు చూశారు. అయ్ బాబోయ్, ఎంత ముద్దుగా ఉందండీ, మల్లెమొగ్గకి జరీ అంచేసినట్టుంది అన్నారు. తర్వాత, ఈ తెల్లది ఎవరి పేరండీ, నాదేమో మట్టిరంగు పడింది, చెరువు గట్టు మీద బతికినదాన్ని నాకదే వస్తుంది లెండి అని నవ్వారు. నవ్వులో ఎక్కడా ఏడుపు లేదు. ఉన్నట్టే ఒప్పుకున్నారు. నేను మాత్రం ఉన్నట్టు చెప్పలేకపోయాను. ఇది కొల్లేటి పేరండీ అని గొణిగి, మళ్ళీ వస్తానని లేచి వచ్చేశాను. ముప్ఫై ఏళ్ళు క్లాసులో గొంతు చించుకున్న మనిషిని, ఒక ముసలావిడ ముందు నుంచి పారిపోయాను.

అందుకని ఈ భారం నీమీద పెడుతున్నాను. ఎప్పుడు ఎలా చెప్పాలో నీకే బాగా తెలుస్తుంది. నాకు తోచింది ఒకటే. ఈ సంగతి మనిద్దరం కలిసి రాద్దాం. ఆడదాని గురించి నేను, మగదాని గురించి నువ్వు, గొంగళి గురించి మాస్టారి బొమ్మలు. ఆఖర్న కృతజ్ఞతల్లో సుందరమ్మ గారి పేరు పెద్దగా వేద్దాం. అది పురుక్కి పేరు పెట్టడంతో సాటి కాదని నాకూ తెలుసు. అంతకంటే నా చేతిలో లేదు.

వచ్చే వారం ఏదో ఒకరోజు రా. తొట్టి చూద్దువుగాని. శ్రీహితని కూడా తీసుకురా, గొంగళి ఇల్లు కుట్టడం చూస్తే ఇక ఫోను చూడదు. నా మీద కోపముంటే తెచ్చుకుని ఇక్కడే చూపించు. మాస్టారు నిన్ను అడిగినట్టు రాయమన్నారు.

నీ మేలు కోరే,
విజయకుమారి మేడం

తా.క. ఆదివారం, చర్చి నుంచి వచ్చాక.

పొద్దున్న చర్చికి వెళ్ళే ముందు, కవరు అంటించబోతూ మాస్టారికి చదివి వినిపించాను. ఎప్పుడూ వింటారు గదా, బావుందంటారనుకున్నాను. అంతా విని, కుమారీ, ఆ డిసెంబరు పుస్తకాల కట్టలు మనం ప్రెస్సు నుంచి ఆటోలో తెచ్చింది మట్టల ఆదివారం కాదూ అన్నారు. ఏ మట్టల ఆదివారం అన్నాను. ఆటోలో చర్చికి తీసుకెళ్ళే ఖర్జూరపు మట్టలు నిండా ఉంటే, పుస్తకాల కట్టలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు, మట్ట కొస కంట్లో గుచ్చుకుందని నన్ను తిట్టావు కూడా అన్నారు.

చప్పున గుర్తొచ్చింది. ఆ తిట్టు నేను తిట్టినట్టే గుర్తొచ్చింది. మట్టల ఆదివారమంటే ఈస్టరుకి వారం ముందు, అంటే ఆ తర్వాతి ఏప్రిల్! అట్ట మీద డిసెంబరని అచ్చయింది నిజమే, కానీ మొదటి ప్రతి బయటికొచ్చింది ఏప్రిల్లో. మన పత్రికకి అది అలవాటే. ఏళ్ళ తరబడి అలా నడిచేసరికి అట్ట మీది నెలనే నేనూ నమ్మేశాను. నియమం అట్ట మీది నెలని చూడదు, పుస్తకం నిజంగా బయటికొచ్చిన రోజునే చూస్తుంది. ఇది నేనే నీకు చెప్పిన పాఠం. నువ్వు అన్నదే నిజం, మామిడిపళ్ళతో పాటే వచ్చింది.

ఆ ప్రెస్సు ఎత్తేశారు, ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇక మేమిద్దరమే. చర్చిలో కూర్చున్నంతసేపూ పాటల్లో మనసు నిలవలేదు. కొల్లేరెన్సిస్ నేను కన్న పేరు సుమనా, రిటైరయ్యాక నాకు మిగిలింది అదొక్కటే. కొంచెం ఏడ్చాను, అబద్ధమెందుకు. తర్వాత తేలికపడ్డాను. మన వ్యాసంలో సంపాదకురాలి హోదాలో నేనే సంతకం పెట్టి, సంచిక వెలువడిన అసలు రోజు రాస్తాను. నీదే ముందు. కొల్లేరెన్సిస్ పోతుంది, సుందరమ్మీ నిలుస్తుంది. ఇంటిపేరు మాత్రం నేను పెట్టిందే. అలా ఇంటిపేరు మారినప్పుడు, మొదట పేరు పెట్టినవాళ్ళ పేరు బ్రాకెట్లలో వెయ్యాలని నియమం. తొందరపడ్డందుకు నువ్వు జీవితాంతం బ్రాకెట్లలో కూర్చో.

పైన రాసిందేదీ కొట్టెయ్యలేదు, నిన్నటికి నాకు తెలిసింది అదే గనుక. ఈ ఉత్తరం అందగానే ముందు పెదపాడు వెళ్ళు. మీ అమ్మమ్మ గారు తెల్లది ఎవరి పేరండీ అని అడిగారు గదా, నేను జవాబు చెప్పకుండా లేచొచ్చాను. తెల్లది కూడా ఆవిడదేనని చెప్పు.